యుద్ధవిమానాల పోటీని నమ్ముకుని ఇల్లు కుదువ పెట్టాలా?

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు, పేరు వేయవద్దని కోరుతూ, పదకొండు పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆమె వయసు నలభై మూడు. బి.కామ్. చదివారు. మామగారు ఒకే ఒక్క లేతుతో మొదలుపెట్టిన వర్క్‌షాపును ఇప్పుడు ఆమె భర్త, మరిది కలిసి నడుపుతున్నారు. పదహారేళ్లుగా లెక్కలన్నీ ఆమే రాస్తున్నారు. ఒకప్పుడు శెనక్కాయలు ఒలిచే యంత్రాలు, బోరు మోటార్ల భాగాలు తయారైన ఆ షెడ్డులో ఇప్పుడు కంప్యూటరు నడిపే రెండు సీఎన్‌సీ లేతులు, అలాంటిదే ఒక మిల్లింగు యంత్రం (వీఎంసీ) ఉన్నాయి. పదకొండు మంది పనివాళ్లు ఉన్నారు. పెనుకొండ వైపు కార్ల విడిభాగాల యూనిట్లకు జాబ్‌వర్కు చేస్తారు. ఏడాదికి కోటీ నలభై లక్షల వ్యాపారం, ఖర్చులు పోను పదమూడు లక్షల మిగులు, ఇంకా తీరని పద్దెనిమిది లక్షల పాత అప్పు.

2025 ఫిబ్రవరిలో మరిది బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా ప్రదర్శనకు వెళ్లి వచ్చారు. అమెరికా ఎఫ్-35, రష్యా సుఖోయ్-57 యుద్ధవిమానాలు ఒకే మైదానంలో నిలబడి ఉండగా చూసి వచ్చిన ఆ మనిషికి అప్పటినుంచి కార్ల భాగాలు చేయడం చిన్నతనంగా కనిపిస్తోంది. బెంగళూరులో పరిచయమైన ఒక 'సలహాదారు', మన వాయుసేనకు 114 యుద్ధవిమానాలు కొనబోతున్నారనీ, ఏ విదేశీ కంపెనీ గెలిచినా సగం పని మన దేశంలోనే చేయించాలనీ, ముక్కను ఐదు దిక్కుల తిప్పి కోయగల 'ఐదు అక్షాల' యంత్రం ముందే పెట్టుకున్నవాళ్లకే ఆ పని దక్కుతుందనీ నమ్మబలికారు. పోటీలో ఉన్న రెండు కంపెనీల్లో సరఫరాదారుగా పేరు నమోదు చేయించడానికి ఆరున్నర లక్షలు ముందుగా ఇవ్వాలట, అది తిరిగి రాదట. యంత్రం, కొలతల పరికరం, చల్లని గది అన్నీ కలిపి రెండు కోట్ల అరవై లక్షలు. అన్నదమ్ములిద్దరి పేర ఉన్న ఇల్లు, కళ్యాణదుర్గం వైపు అత్తగారి పేరుకు మారిన మామగారి ఎనిమిది ఎకరాల చేను, చాలకపోతే ఈమె నగలు కుదువ పెట్టాలని మరిది పట్టుబడుతున్నారు. అత్తగారు చిన్నకొడుకు పక్షం. భర్త ఏమీ మాట్లాడరు. ఈమె అడ్డు చెప్పిన రోజున మరిది, "లెక్కలు రాసుకునేవాళ్లకి ధైర్యం యాడనుంచి వస్తాది వదినా" అన్నారట. ఆ మాట ఆమెను నెల రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. కూతురు ఇంటరు రెండో సంవత్సరంలో ఉంది.

ఆమె అడిగినవి మూడు. ఈ పోటీలో ఏ కంపెనీ గెలుస్తుంది? ఇల్లు చీలకుండా కాదనడం ఎట్లా? నిజంగానే నేను పిరికిదాన్నా?

సమాధానం:

అమ్మా, మీ మూడో ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. చిన్న యూనిట్లలో సాధారణంగా ఎవరూ రాయని అంకెలను మీరు తొమ్మిదో పేజీలో రాశారు. చేతినుంచి యాభై లక్షలు సర్దుకుని, మిగిలిన రెండు కోట్ల పది లక్షలు బ్యాంకులో పదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు కంతు దాదాపు మూడున్నర లక్షలని మీరు వేసిన లెక్క సరైనదే. నేను మళ్లీ వేసి చూశాను. గంటకు పదిహేను వందలు వస్తాయన్నది మీ మరిది అంచనా. ఆ ధర ప్రకారం కంతు కట్టడానికే నెలకు 236 గంటలు యంత్రం ఆగకుండా తిరగాలి. ఒక్క షిఫ్టులో నెలకు పనిచేసే గంటలు రెండు వందలు. అంటే మొదటి షిఫ్టు మొత్తం బ్యాంకుకు పోగా, రెండో షిఫ్టులో కొంత గడిచాక మాత్రమే కరెంటు, కట్టర్లు, ఆపరేటరు జీతం మొదలవుతాయి. యంత్రం వచ్చిన మొదటి నెలనుంచే అంత పని ఎక్కడినుంచి వస్తుందని అడిగినందుకు మిమ్మల్ని పిరికివారన్నారు. ఏడాదికి పదమూడు లక్షలు మిగిలే ఇంట్లో నలభై రెండు లక్షల కంతు గురించి అడగకుండా ఉండడాన్ని ధైర్యమని నేను అనలేను.

నేను ఉద్యోగంలో ఉన్న ఇరవై రెండేళ్లూ విమానాల విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో కొనుగోళ్ల విభాగంలో ఉన్నాను. మీలాంటి యూనిట్లకు ఆర్డర్లు ఇచ్చినవాడిని, ఇస్తామని చెప్పి ఇవ్వలేకపోయినవాడిని కూడా. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెప్పనివ్వండి. ఆ ప్రశ్న సరిగా అర్థమైతే మీ ఇంట్లో జరుగుతున్న వాదన సగం తేలిపోతుంది.

ఏ కంపెనీ గెలుస్తుందో ముందుగా తెలిస్తే నిర్ణయం సులువవుతుందని మీరు అనుకుంటున్నారు. మీ మరిదీ అదే అనుకుంటున్నారు. మీ ఇద్దరి తేడా అల్లా ఆయనకు జవాబు తెలుసన్న నమ్మకం ఉంది, మీకు లేదు. కానీ గెలిచేదెవరో ఖచ్చితంగా తెలిసి కూడా నష్టపోయిన మనిషిని నేను చూశాను. 2007లో మన వాయుసేనకు 126 యుద్ధవిమానాల కోసం టెండరు పిలిచారు. అమెరికానుంచి బోయింగ్ ఎఫ్-18, లాక్‌హీడ్ మార్టిన్ ఎఫ్-16, రష్యానుంచి మిగ్-35, స్వీడన్‌నుంచి సాబ్ కంపెనీ గ్రిపెన్, ఫ్రాన్స్‌నుంచి దసో కంపెనీ రఫేల్, నాలుగు ఐరోపా దేశాల ఉమ్మడి యూరోఫైటర్ టైఫూన్, మొత్తం ఆరు విమానాలు పోటీకి దిగాయి. లేహ్ చలిలో, జైసల్మేర్ ఎండలో, బెంగళూరులో వాటిని ఎగరేసి పరీక్షించారు. 2011 ఏప్రిల్‌లో నాలుగింటిని పక్కనపెట్టి, చివరికి 2012 జనవరిలో రఫేల్ తక్కువ ధర పలికిందని తేల్చారు. పద్దెనిమిది విమానాలు ఫ్రాన్స్‌నుంచి తయారై రావాలి, తక్కిన 108 ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ఇక్కడే తయారు చేయాలి అన్నది పథకం.

నూట ఎనిమిది విమానాలు బెంగళూరులో తయారవుతాయంటే ఆ చుట్టుపక్కల మిషన్ షాపుల్లో ఎంత సంబరం జరిగిందో మీరు ఊహించుకోవచ్చు. నాకు తెలిసిన ఒక యజమాని ఆ ఏడాదే రెండు యంత్రాలు తెప్పించుకున్నాడు. ఆయన పందెం తప్పు కాదు, రఫేలే గెలిచింది. కానీ ఇక్కడ తయారయ్యే విమానాల నాణ్యతకు హామీ ఎవరివ్వాలి, పనిగంటలు ఎన్ని పడతాయి, ధర ఎంత అన్న బేరం మూడేళ్లు సాగి తెగలేదు. 2015 ఏప్రిల్‌లో పారిస్‌లో ప్రధానమంత్రి, తయారైన 36 విమానాలను నేరుగా కొంటామని ప్రకటించారు. జూలైలో పాత టెండరును రద్దు చేశారు. 2016 సెప్టెంబరులో 787 కోట్ల యూరోల ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి, మొదటి ఐదు విమానాలు 2020 జూలైలో అంబాలాలో దిగాయి. అన్నీ ఫ్రాన్స్‌లో తయారైనవే. ఆ 108లో ఒక్కటీ ఇక్కడ తయారు కాలేదు. ఆ యజమాని ఒక యంత్రాన్ని నష్టానికి అమ్మి, రెండోదానిమీద నీటి పంపుల వాల్వులు చేసుకుంటూ అప్పు తీర్చాడు.

మీ మరిది చెబుతున్న 114 విమానాల కథ కూడా నిన్న మొదలైనది కాదు. 2018 ఏప్రిల్‌లో వాయుసేన 110 విమానాల కోసం కంపెనీలనుంచి వివరాలు కోరినప్పుడు మొదలైంది, తరువాత ఆ సంఖ్య 114కు మారింది. పత్రికలో ఒక వార్త వచ్చినప్పుడల్లా అది రేపే జరగబోతోందని అనిపిస్తుంది. ఆమోదం, ధర బేరం, ఒప్పందం, మొదటి విమానం, ఆ తరువాత ఇక్కడి తయారీ, ఇవన్నీ వేరువేరు మెట్లు. ఒక్కొక్క మెట్టు దగ్గర ఏళ్లు గడుస్తాయి. మన పెద్దవాళ్లు మబ్బు చూసి విత్తనం వేయలేదు. వాన పడి, చేను పదునైందని మట్టి చేత్తో పిడికిలి పట్టి చూసుకున్నాకే గొర్రు కట్టారు. అనంతపురం మనిషికి ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంత జాప్యం మన దేశపు జబ్బు మాత్రమే అని మీ మరిది అనవచ్చు. కాదు. యుద్ధవిమానాన్ని కొనేది ప్రభుత్వం, అమ్మేది పేరుకు కంపెనీయే గాని వెనక ఉండి నడిపించేది మరో ప్రభుత్వం. అందువల్ల విమానం ఎంత బాగుందన్నది ఈ వ్యాపారంలో ఒక సంగతి మాత్రమే. బ్రెజిల్ 2009లో ఫ్రాన్స్ అధ్యక్షుడు వచ్చినప్పుడు రఫేల్ కొనేట్టే కనిపించింది. ఆ తరువాత గాలి బోయింగ్ వైపు మళ్లింది. అమెరికా గూఢచారి సంస్థ బ్రెజిల్ అధ్యక్షురాలి సంభాషణలపైనే నిఘా పెట్టిందని 2013లో బయటపడింది. ఆ డిసెంబరులోనే 36 గ్రిపెన్ విమానాలను ఎంచుకున్నట్టు ప్రకటించారు. అదే గ్రిపెన్‌ను స్విట్జర్లాండ్ ప్రభుత్వం ఎంపిక చేస్తే, 2014 మేలో ప్రజలు ఓటింగులో వద్దన్నారు. కెనడా 2010లో ఎఫ్-35 కొంటామని ప్రకటించి, ప్రభుత్వం మారాక వెనక్కి తగ్గి, మళ్లీ పోటీ పెట్టి, 2023లో అదే ఎఫ్-35 కు ఒప్పుకుంది. పదమూడేళ్లు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చారన్నమాట.

రఫేల్ సంగతే చూడండి. 2015 ఫిబ్రవరిలో ఈజిప్టు 24 విమానాలకు సంతకం పెట్టేదాకా దాన్ని ఫ్రాన్స్ తప్ప ప్రపంచంలో ఎవరూ కొనలేదు. దక్షిణ కొరియాలో ఎఫ్-15 చేతిలో, మొరాకోలో ఎఫ్-16 చేతిలో ఓడింది. 2011లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఆ బేరాన్ని గిట్టుబాటు కాదని బహిరంగంగానే తోసిపుచ్చింది. అదే దేశం పదేళ్ల తరువాత, 2021 డిసెంబరులో, ఒకేసారి 80 రఫేళ్లకు ఒప్పందం చేసుకుంది. మన దేశం, ఖతార్, గ్రీసు, క్రొయేషియా, ఇండోనేషియా, సెర్బియాలతో కలిపి కొన్న దేశాలు ఎనిమిదయ్యాయి. ఆ పదేళ్లలో విమానం కొంత మెరుగుపడి ఉండవచ్చు, కానీ అంతకంటే ఎక్కువగా మారింది రాజకీయం. అమెరికా విమానాలు కొంటే అమెరికా షరతులకు లోబడాలి, రష్యావి కొంటే అమెరికా ఆంక్షల భయం. ఈ రెండింటి మధ్య చిక్కిన దేశాలకు ఫ్రాన్స్ దారి చూపింది. 2011లో అబుధాబీ మీద ఆశ పెట్టుకుని అప్పు చేసిన చిన్న ఫ్రెంచి మెషిన్ షాపు యజమాని ఎవరైనా ఉండి ఉంటే, 2021 దాకా ఆయన కంతులు ఎవరు కట్టి ఉంటారు?

ఇక సరఫరాదారులకు నేరుగా తగిలిన దెబ్బకు టర్కీని మించిన ఉదాహరణ నాకు దొరకదు. ఎఫ్-35 తయారీలో టర్కీ భాగస్వామి, వంద విమానాలు కొనాలనుకున్న దేశం. అక్కడి కంపెనీలు ఆ విమానానికి తొమ్మిది వందలకు పైగా విడిభాగాలు చేసేవి. ఆ దేశ ప్రభుత్వం రష్యానుంచి ఎస్-400 క్షిపణి వ్యవస్థ కొన్నందుకు 2019 జూలైలో అమెరికా టర్కీని ఆ కార్యక్రమంనుంచి తొలగించింది. ఆ భాగాల పనిని క్రమంగా ఇతరులకు మళ్లించారు. ఆ షాపుల్లో పనితనం లోపించి కాదు, సరుకు ఆలస్యమై కాదు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరగడమంటే ఇదే.

హెచ్‌ఏఎల్ తయారు చేసే మన తేజస్ యుద్ధవిమానం ఎగుమతి ప్రయత్నాలను కూడా ఒకసారి తలచుకోవాలి, ఎందుకంటే మీ మరిది ఆ సలహాదారుకు బదులు హెచ్‌ఏఎల్ వైపు చూడాలని నేను తరువాత చెప్పబోతున్నాను, అక్కడ అంతా సాఫీ అని మీరు అనుకోకూడదు. మలేషియా 2023లో తేజస్‌ను కాదని కొరియా ఎఫ్ఏ-50 విమానాలు పద్దెనిమిది తీసుకుంది. అర్జెంటీనా 2024లో డెన్మార్క్ వాడిన 24 ఎఫ్-16లను కొనుక్కుంది. ఒక విమానంలో అనేక దేశాల భాగాలు ఉంటాయి, ఏ ఒక్క దేశం అనుమతి నిరాకరించినా అమ్మకం ఆగుతుంది. తేజస్‌లోని పైలట్ కుర్చీ బ్రిటన్‌ది, బ్రిటన్‌కూ అర్జెంటీనాకూ ఫాక్లాండ్స్ యుద్ధం నాటినుంచి పడదు. ఇంజన్ అమెరికాది. తేజస్ మార్క్-1ఏ కోసం 2021లో ఆర్డరు పెట్టిన 99 ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో చేతికి వచ్చింది. రెక్కలూ తోకా సిద్ధంగా ఉన్నా ఇంజన్ రాకపోతే విమానం వాయుసేనకు వెళ్లదు. విమానం వెళ్లకపోతే కింది వరుసలో ఉన్నవాళ్ల తరువాతి ఆర్డరు నెమ్మదిస్తుంది. మీరు చేసే బ్రాకెట్టుకూ అమెరికాలో ఇంజన్ కంపెనీ ఇబ్బందులకూ ఎంత దగ్గరి చుట్టరికమో చూడండి.

'సగం పని మన దేశంలోనే' అన్న మాటకు వస్తాను. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. విదేశీ కంపెనీ తాను పొందిన సొమ్ములో కొంత శాతం విలువకు ఇక్కడ కొనుగోళ్లో, పెట్టుబడో పెట్టాలన్న షరతు. 36 రఫేళ్ల ఒప్పందంలో అది యాభై శాతం, అందులో అబద్ధం లేదు. కానీ ఒప్పుకున్నదంతా నెరవేరుతుందా? 2005 నుంచి 2018 మార్చి వరకు కుదిరిన 46 ఆఫ్‌సెట్ ఒప్పందాల విలువ 66,427 కోట్లనీ, 2018 చివరికి నెరవేరాల్సినదానిలో కంపెనీలు చేశామని చెప్పుకున్నదే 59 శాతమనీ ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక లెక్క తేల్చింది. పైగా 2020లో వచ్చిన రక్షణ కొనుగోళ్ల విధానంలో, రెండు ప్రభుత్వాల మధ్య నేరుగా కుదిరే ఒప్పందాలకు, ఒకే అమ్మకందారు ఉన్న కొనుగోళ్లకు ఆఫ్‌సెట్ షరతును ఎత్తివేశారు. అయితే ఒక కొనుగోలులో ఇక్కడే ఇంత భాగం తయారు కావాలని విడిగా షరతు పెట్టుకోవచ్చు. అది ఆ ఒప్పందం కాగితంలో ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. సంతకమే కాని కాగితంలోని శాతాన్ని ఇప్పుడే మీ షెడ్డుకు పంచి ఇవ్వడం, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

ఇంత చెప్పి, మీ మరిది కలంతా గాలిమేడ అంటే నేను ఆయనకు అన్యాయం చేసినవాడినవుతాను. విమాన భాగాల పని మన ప్రాంతానికి దగ్గరలో నిజంగానే పెరుగుతోంది. హైదరాబాదులో అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారవుతున్నాయి. ఎఫ్-16 రెక్కల తయారీ అక్కడికి వచ్చింది. 2025 జూన్‌లో దసో, టాటా కంపెనీలు రఫేల్ దేహభాగాలను హైదరాబాదులో చేయడానికి ఒప్పందం చేసుకున్నాయి, మొదటివి 2028 ఆర్థిక సంవత్సరంలో బయటికి రావాలన్నది లక్ష్యం. బెంగళూరు మీకు హైవే మీద నాలుగు గంటల దారి. చేతిలో పనితనమున్న యువకుడికి ఇవన్నీ చూసి మనసు ఆగకపోవడం తప్పు కాదు. కార్ల విడిభాగాల ధరల బేరంలో ఆయన విసిగిపోయి ఉంటారని కూడా నాకు అనిపిస్తోంది.

కానీ పని దిగివచ్చే దారి వేరు. దసో గాని, లాక్‌హీడ్ గాని, సాబ్ గాని అనంతపురంలోని పదకొండుమంది షెడ్డుకు నేరుగా ఆర్డరు ఇవ్వవు. వాళ్లు పెద్ద కంపెనీకి ఇస్తారు, అది తన కింది యూనిట్లకు, అవి బెంగళూరు పీణ్యా లాంటి పారిశ్రామికవాడల్లోని షాపులకు ఇస్తాయి. మీరు ఎక్కగలిగే మెట్టు ఆ చివరిది. అక్కడ మొదట అడిగేది యంత్రం గురించి కాదు, విమాన పరిశ్రమకు కావలసిన ఏఎస్ 9100 నాణ్యతా ధ్రువపత్రం ఉందా అని. ఆ తరువాత, ఈ అల్యూమినియం దిమ్మె ఏ కంపెనీది, ఏ బ్యాచిది, దాని పరీక్షా పత్రం ఎక్కడ, ఐదేళ్ల తరువాత అడిగినా చూపగలరా అని. కార్ల పనిలో వెయ్యి ముక్కల్లో రెండు పాడైతే బదులిచ్చి సరిపెడతారు, ఇక్కడ పాడైన ఒక్క ముక్కకు కారణం రాసి చూపాలి. మొదటి ముక్క చేసి, దాని ప్రతి కొలతా నమోదు చేసి ఒప్పించుకోవడానికే నెలలు పడతాయి. ఒక ఆర్డరులో ముక్కలు పదో ఇరవయ్యో ఉంటాయి, లక్షలు కావు. అందుకే నేను కొనుగోళ్లలో ఉన్నప్పుడు కొత్త యూనిట్‌కు వెళితే మొదట యంత్రాలవైపు చూసేవాడిని కాదు, ఫైళ్లు పెట్టిన బీరువా తెరవమనేవాడిని. అమ్మా, ఆ బీరువా మీ చేతిలో ఉంది. మీ మరిదికి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను మధ్యేమార్గం చెప్పను. ఆ ఆరున్నర లక్షలు ఇవ్వకండి. సరఫరాదారుగా నమోదు చేసుకోవడానికి పేరున్న విమాన కంపెనీ ఏదీ మధ్యవర్తి చేతికి సొమ్ము ఇమ్మనదు. పోటీలో ఉన్న రెండు కంపెనీలకూ తానే మనిషినని చెప్పేవాడు ఏ ఒక్కదానికీ మనిషి కాదని నా అనుభవం. ఆయన రాసిచ్చిన కాగితం ఏదైనా ఉంటే, ఆ కంపెనీల భారత కార్యాలయాలకు ఒక ఉత్తరం రాసి నిజమేనా అని అడగమని మీ మరిదికే చెప్పండి. జవాబు ఆయన కళ్లతో ఆయనే చదువుకుంటే మీమీద కోపం ఉండదు.

ఇక మీ ముందున్న దారులు. మరిది కోరినట్టే చేయడం ఒకటి. అదృష్టం బాగుండి, రెండేళ్లలో బెంగళూరు యూనిట్లనుంచి నిలకడగా పని వస్తే, మీ ప్రాంతంలో అటువంటి యంత్రం ఉన్న తొలి షాపుల్లో మీది ఒకటవుతుంది. అది చిన్న సంగతి కాదు. రాకపోతే, ఆరు నెలలకే కార్ల భాగాల మిగులు కంతుకు పోవడం మొదలై, తరువాత పనివాళ్ల జీతాలు, ఆ తరువాత ఇల్లు వరుసలో నిలబడతాయి. చేను కుదువ పెట్టే ముందు ఇంకో మాట: అది మామగారి ఆస్తి అయితే అందులో తాడిపత్రిలో ఉన్న మీ ఆడబిడ్డకూ వాటా ఉంటుంది, బ్యాంకు లాయరు ఆమె సంతకం అడుగుతారు. ఆమెను ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు.

పూర్తిగా వద్దని కూర్చోవడం రెండో దారి. ఇల్లు, చేను భద్రంగా ఉంటాయి. కానీ మరిది వేరుపడతానంటారు, లేదా ఉండి కూడా పనిలో మనసు పెట్టరు. ఒకే కార్ల పరిశ్రమను నమ్ముకుని ఉండడమూ నిశ్చింత కాదు, అక్కడ కూడా కొనుగోలుదారు మనసు మారితే మీ ఆర్డరు పోతుంది. కాబట్టి ఇది భద్రమైన దారిగా కనిపిస్తుంది గాని అనుకున్నంత భద్రం కాదు.

మూడోదానివైపు నా మొగ్గు ఉన్నమాట దాచను, అయినా నిర్ణయం మీ ఇంటిదే. ఐదు అక్షాల యంత్రాన్ని ఏడాదిన్నర వాయిదా వేసి, ఇప్పుడున్న వీఎంసీకి తిరిగే బల్ల ఒకటి అమర్చుకుంటే నాలుగో అక్షం వస్తుంది, ఖర్చు లక్షల్లోనే తేలుతుంది. అదే సమయంలో ఏఎస్ 9100 కోసం కాగితాల వ్యవస్థను మీరు, మీ మరిది కలిసి కట్టుకోండి. విమాన భాగాలు నేరుగా చేయకపోయినా, వాటిని పట్టి ఉంచే జిగ్గులు, ఫిక్చర్లు, నేలమీద వాడే తోపుడుబళ్ల వంటి వాటిని పీణ్యా యూనిట్లు బయట చేయించుకుంటాయి. వాటికి నియమాలు కొంత తేలిక, పనితనం తెలియజెప్పడానికి మంచి అవకాశం. ఆ పని రఫేల్ గెలిచినా ఉంటుంది, ఎఫ్-16 రూపం మార్చుకుని ఎఫ్-21గా వచ్చినా ఉంటుంది, ఏదీ రాకపోయినా హెచ్‌ఏఎల్‌కు కట్టాల్సిన తేజస్‌లు ఉన్నాయి. 2021లో 83, 2025 సెప్టెంబరులో మరో 97 విమానాలకు ఒప్పందాలు అయ్యాయి. ఆలస్యాలు ఉంటాయని పైన చెప్పాను, కానీ అవి సంతకం పడిన కాగితాలు.

చేతిలో నిలకడైన ఆర్డరు వచ్చాక యంత్రం కొనదలిస్తే, అప్పుడు కూడా ఇల్లు, చేను పెట్టనక్కరలేని మార్గం ఉంది. చిన్న పరిశ్రమల రుణ హామీ నిధి ట్రస్టు కింద ఆస్తి కుదువ లేకుండా ఇచ్చే రుణాల పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి పది కోట్లకు పెంచారు. చిన్న పరిశ్రమగా మీ ఉద్యమ్ నమోదు, మూడేళ్ల లెక్కలు, చేతిలోని ఆర్డరు పట్టుకుని బ్యాంకు మేనేజరును ఆ పథకం కింద అడగండి. రెండు హెచ్చరికలు: ఆ హామీ బ్యాంకుకే గాని మీకు కాదు, అప్పు మీరు తీర్చాల్సిందే. ఏటా హామీ రుసుము కూడా ఉంటుంది. అయినా ఆస్తి లేకుండా ఇవ్వడానికి బ్యాంకు వెనకాడితే, అదే మీకు ఉచితంగా దొరికిన సలహా అనుకోండి. ఈ పని బిల్లులు ఆలస్యమవుతాయి కూడా. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో చెల్లించాలన్న చట్టం ఉంది, ఫిర్యాదు చేసే మండలి ఉంది, కానీ కొత్తగా సంపాదించుకున్న ఖాతాదారుమీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికీ ఉండదు. నాలుగు నెలల ఖర్చు చేతిలో పెట్టుకునే దిగాలి.

మీ రెండో ప్రశ్న మిగిలింది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక, మీ చిక్కు మరిదితో కాదు, మీవారి మౌనంతో అని నాకు తోచింది. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచిన అన్న, తమ్ముడి ఎదుగుదలకు అడ్డొచ్చాడన్న మాట పడలేక, ఆ 'వద్దు' మీ నోట రావాలని ఎదురుచూస్తున్నారు. మీరు అన్నాక మాట మీమీద పడుతోంది. అందుకని మరిదితో వాదించడం ఆపి, మొదట మీవారితో ఏకాంతంగా ఒక్కటే అడగండి: ఇంట్లోవాళ్లు పోగొట్టుకున్నా తట్టుకోగలిగిన మొత్తం ఎంత? పది లక్షలా, పాతికా? ఆ అంకె ఆయన నోట రావాలి, ఆయనే తమ్ముడికి చెప్పాలి. ఆ మొత్తం వరకు మరిదికి పూర్తి స్వేచ్ఛ ఇవ్వండి, ప్రతి రూపాయికీ సంజాయిషీ అడగకండి. కావాలంటే ఆ పనికి విడిగా ఒక సంస్థ పెట్టుకుని, దాని లెక్కలు వేరుగా ఉంచండి. అయితే బ్యాంకు వ్యక్తిగత హామీ సంతకం అడిగితే, సంస్థ వేరైనా అప్పు ఇంటికే వస్తుందని గుర్తుంచుకుని సంతకం చేయండి. మీ నగల మాట ఈ చర్చలోకి రానివ్వకండి, అవి వర్క్‌షాపు ఆస్తి కావు. పాప ఇంజనీరింగు ఫీజుకు వేరే ఖాతా తెరిచి, ఈ నెలనుంచే అందులో వేయండి.

అత్తగారి దగ్గర కంతుల లెక్క చెప్పి లాభం లేదు. ఆమెకు చేను విలువ తెలుసు. మామగారు ఆ ఎనిమిది ఎకరాలు ఏ కరువులో అమ్మకుండా కాపాడారో ఆమెతోనే ఒకసారి చెప్పించుకోండి, మరిది కూడా వినేట్టు.

వచ్చే నెల మరిది బెంగళూరు వెళ్తానన్నారని రాశారు కదా. మీరూ వెళ్లండి. ఆ సలహాదారు ఆఫీసుకు కాదు, పీణ్యాలో ఐదు అక్షాల యంత్రం ఉన్న రెండు మూడు షాపులకు. మీ మరిదిని యంత్రం గురించి అడగనివ్వండి, ఆయనకు అది బాగా తెలుసు. మీరు మాత్రం యజమానిని పక్కకు పిలిచి, పోయిన సంవత్సరం ఆ యంత్రం నెలకు ఎన్ని గంటలు ఖాళీగా ఉందో అడిగి, వచ్చేదారిలో ఆ అంకెను మీ పుస్తకంలో 236 పక్కన రాసి మరిదికి చూపించండి.